తమ్ముడి కంట్లో మెరుపు

మా తమ్ముడు వెల్డింగు పని చేస్తాడు. ఈ వీధిలో సగం గేట్లు, కిటికీ చువ్వలు వాడి చేతివే. నల్లద్దం మొహానికి అడ్డం పెట్టుకుని పనిలో దిగాడంటే పక్కన పిడుగు పడ్డా తల తిప్పడు. వయసు మీద పడ్డాక కళ్ళ డాక్టరు వాడికి ఒకటే మాట చెప్పాడు: "కంట్లో మెరుపు మెరిసినట్టనిపిస్తే ఉన్నపళంగా రావాలి. లోపలి పొర చిరిగితే చూపు పోతుంది." అప్పటినుంచి వాడికి మెరుపంటే వణుకు. పని మానెయ్యమంటారేమోనన్న భయం అంతకంటే ఎక్కువ.

ఆ సాయంత్రం నేను డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నాను. నెత్తి మీదుగా నిప్పుముద్ద ఒకటి దూసుకుపోయింది. ఆకుపచ్చగా మండుతూ పోయి, నీళ్ళ ట్యాంకుల అవతల ముక్కలై ఆరిపోయింది. దాన్ని ఉల్క అంటారట. తీగ మీది దుప్పటి నీడ గోడ పొడుగునా పరిగెత్తింది.

కిందికి దిగి ఎవరికీ చెప్పలేదు. అంతకుముందొకసారి వీధి చివర చిరుతపులి ఉందన్నాను. తీరా చూస్తే పక్కింటివాళ్ళ కుక్క. ఆ ముక్క పట్టుకుని తమ్ముడు చుట్టాలందరి ముందూ నన్ను ఆట పట్టించాడు. అడిగితే చెబుతాను, లేకపోతే నాకేం పట్టింది!

వాడు వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, "కరెంటేమైనా పోయి వచ్చిందా?" అన్నాడు.

"లేదే" అంది మరదలు.

కూర్చున్నాడు, లేచాడు. లైటు ఆర్పాడు, వేశాడు. ఒక కన్ను మూసి గోడ గడియారం చూశాడు, రెండో కన్ను మూసి మళ్ళీ చూశాడు.

"ఏమిటండీ, ఈ వయసులో గడియారానికి కన్ను కొడుతున్నారు?"

నవ్వలేదు. కంచంలో చెయ్యి పెట్టి తినకుండానే లేచాడు. వీధిలోకి వెళ్ళాడు, వచ్చాడు. కాలు నిలవడం లేదు. అప్పుడు తట్టింది నాకు.

"ఒరే, ఇలా రా. ఇందాక మెరుపేమైనా చూశావా?"

వాడి మొహం పాలిపోయింది. "నీకెవరు చెప్పారక్కా?"

"ఒకరు చెప్పేదేమిటి, నేనూ చూశాను. ఆకాశంలో పోయింది. ఊరందరి నెత్తి మీదుగా పోయినదాన్ని నీ ఒక్కడి కంట్లో పెట్టుకుని కూర్చున్నావా, వెర్రివాడా!"

వాడు గోడకు చేరగిలబడ్డాడు. "అద్దం దించి తలెత్తాను, అంతే. మంట చూసి చూసి, ఏ వెలుగు కనబడినా నా కంట్లోదే అనుకుంటానక్కా." తేరుకుని, "పులైతే కాదుగదా?" అని నవ్వాడు కూడా.

అంతలోనే నవ్వు ఆగిపోయింది. "అది ఎన్నిసార్లు పోయింది?"

"ఒక్కసారే. ఏం?"

"నాకు దారిలో ఇంకోసారి మెరిసింది. ఇక్కడ కూర్చున్నాక కూడా. కంటి కొసన, చెవి వైపు, సన్నగా."

మరదలు చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. నేను చెప్పులేసుకున్నాను.

"ఇప్పుడెక్కడికక్కా? పొద్దున గేటు బిగించాలి, ఆ తర్వాత చూద్దాంలే."

"గేటు ఎక్కడికీ పారిపోదు. నడువు."

చెయ్యి పట్టుకుని లాగితే చిన్నపిల్లాడిలా వెంట వచ్చాడు. ఆటోలో కూర్చున్నంతసేపూ ఒక కన్ను మూసుకుని, ఎదురొచ్చే వీధిదీపాలను చూస్తూ, "ఇది కనబడుతోంది... ఇదీ కనబడుతోంది" అని గొణుగుతూనే ఉన్నాడు.