విడదీయొద్దన్న అత్తమ్మ

మాది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. లోకమంతా ఏళ్ల తరబడి ఎదురుచూసిన బాక్సింగ్ పోటీ ఒకటి మొన్నామధ్య ఆదివారం పొద్దున టీవీలో వచ్చింది. మా ఆయనకూ మా మరిదికీ బాక్సింగంటే ప్రాణం. కానీ చిరిగిన వల దగ్గర మొదలైన గొడవతో అన్నదమ్ములకు మాటల్లేవు. పెద్ద టీవీ మా ఇంట్లోనే ఉంది కాబట్టి మరిది వచ్చాడు గానీ, లోపలికి రాకుండా గడప మీదే కూర్చున్నాడు.

ఆట మధ్యలో అలసిపోయిన బాక్సర్లిద్దరూ ఒకరినొకరు గట్టిగా వాటేసుకున్నారు. రెఫరీ వచ్చి విడదీశాడు. అంతే, రొయ్యలు వలుస్తున్న మా అత్తమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఎవుడ్రా వాడు? కలిసిపోయినోళ్లను విడదీస్తుండాడు!"

మా పల్లెలో తగువు తీర్చాక ఊరిపెద్ద, అదే మా పెద్దకాపు, ఇద్దర్నీ వాటేసుకోమంటాడు. ఇక్కడా అదే జరిగిందనుకుంది పాపం. అందరం పగలబడి నవ్వాం. ఆమె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నవ్వండి. ముక్కూమొహం తెలీనోళ్లే వాటేసుకున్నారు. నా కడుపున పుట్టినోళ్లకేం రోగం?"

మా ఆయన లేచి గడప దగ్గరికెళ్లి, "లోపలికి రారా అబ్బయ్యా" అన్నాడు. మరిది అన్నను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను కంగారుపడి, "ఇంక చాల్లేండి, పోటీ అయిపోతుంది" అంటూ దగ్గరికి వెళ్లబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు విడదీయొద్దమ్మా."

లోకమంతా ఎదురుచూసిన ఆ పోటీలో గెలిచిందెవరో మా ఇంట్లో ఎవరూ చూడలేదు.