చివరి చరణం కోసం

ఇబ్రహీంపట్నంలో మైకు ఆటో నడిపే అంతోని ఏ పాటనూ ఊరికే నమ్మడు. పాట మొదలవగానే మెడ పక్కకు వంచి, ఒక కన్ను సగం మూసి, ఎవరో తన జేబులో చెయ్యి పెడుతున్నట్టు వింటాడు. ప్రతి ఎన్నికలకూ అన్ని పార్టీల పాటలూ ఆ ఆటో మీదే ఊరంతా తిరిగాయి మరి. మొదటి చరణంలో రైతు కన్నీళ్ళు, రెండోదాంట్లో కూలితల్లి కష్టాలు, చివరి చరణంలో పార్టీ గుర్తు. వరస ఎప్పుడూ అదే.

బెజవాడ కుర్రాళ్ళ బ్యాండొకటి ఇన్నేళ్ళ తమ పాటలన్నీ కూర్చి ఒక్క ఆల్బమ్‌గా వేసిందని కూతురు కృప మురిసిపోతూ ఓ ఉదయం ఇంటి ముందున్న ఆటో స్పీకర్లో దాన్ని పెట్టింది. గిటారు మీద హాయిగా సాగుతూనే కౌలురైతు గురించీ, కాలవల మురికి గురించీ నిలదీసే పాటలు.

"ఏ పార్టీ వాళ్ళే వీళ్ళు?"

"ఏ పార్టీ కాదు నాన్నా. విను, ఎంత బాగుందో!"

"ఊరికే ఎవరు పాడతారే? ఆగు, చివర్లో గుర్తు చెప్తారు చూడు."

తర్వాత ఊరి పక్కనున్న కరెంటు ప్లాంటు బూడిద మీద పాట వచ్చింది. ఆరేసిన చీర మీద బూడిద పడితే, విసుక్కోకుండా మళ్ళీ ఉతుక్కునే ఆడమనిషి పాట. దండెం దగ్గర చీర మీది బూడిద దులుపుతున్న అంతోని భార్య ఆదెమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. అంతోని చెవిని స్పీకరుకు ఇంకా దగ్గర చేశాడు. చివరి చరణం వచ్చింది, పాట అయిపోయింది.

"మరి ఎవరికి వెయ్యమంటారు?" అన్నాడు.

"ఎవరికీ వెయ్యమనరు నాన్నా."

"మళ్ళీ పెట్టవే," అంది ఆదెమ్మ.

అంతోని స్పీకరు వంక అనుమానంగా చూస్తూ ఉండిపోయాడు. ఓటు అడక్కుండా తన ఇంటి దండెం దాకా వచ్చినవాణ్ణి ఇంతవరకూ అతనెరగడు.