డే పాలీ, నైట్ పాలీ, పదో తరగతి

నిన్న సాయంత్రం కింది అంతస్తు కోడలు తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, చెప్పులు విప్పుతూనే, "మాసీ, తమే జ కహో, స్టాండర్డ్ కే బేసిక్?" అంది, పిన్నీ మీరే చెప్పండి, స్టాండర్డా బేసికా అని. లోపలికొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి అడిగినా బాగుండేది. ఇక్కడ గుజరాత్‌లో పదో తరగతిలో లెక్కలు రెండు రకాలు. స్టాండర్డ్ అంటే కష్టం, బేసిక్ అంటే సులువు. ఏది రాస్తారో ముందుగానే బడిలో చెప్పేయాలి. ప్రతి ఏడూ ఈ రోజుల్లో సూరత్ అడాజన్‌లో మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న పట్టుకుని మా గుమ్మం ఎక్కుతారు. నేను టీచర్ని కాను, బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని. పిల్లలూ లేరు. పిల్లలు లేనివాళ్లు ఇతరుల పిల్లల చదువు గురించి తీరిగ్గా ఆలోచించి చెబుతారని మా సొసైటీలో ఎలాగో ఒక నమ్మకం పాతుకుపోయింది. మా వారు పేపరు చాటునుంచి "వచ్చారు నీ క్లయింట్లు" అన్నారు. ఆయనది రైల్వే. రిటైరయ్యాక ఇంట్లో ఏ పనీ తన డివిజన్ కిందికి రాదని ఆయన ధీమా. నేను ఆ తల్లీకొడుకులకు రెండ్రోజులు ఆగమని చెప్పి, తలుపు వేసుకుని వచ్చి కూర్చున్నాను. ఈ ప్రశ్నకు నేను మొట్టమొదట జవాబు చెప్పింది మా ఫాల్ కుట్టే ఆవిడ కూతురికి. ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లంతా అలసట కమ్ముకుంటుంది.

సూరత్‌లో చీరలకేం కరువు? వాటికి ఫాల్ కుదురుగా కుట్టేవాళ్లకే కరువు. ఆవిడ ఊరికి ఆ చివరనున్న లింబాయత్ నుంచి బస్సులు మారి మా సొసైటీకి వచ్చి, ఇంటింటా చీరలు పట్టుకెళ్లి, వారం తర్వాత ఫాల్ కుట్టి తెచ్చేది. వాళ్లది జగిత్యాల వైపు ఊరు. భర్త సాంచాల మీద పని. సాంచాలంటే మరమగ్గాలు. ఆవిడ వచ్చేది ఆదివారం మధ్యాహ్నం. అప్పటికి నాకు బ్యాంకులో ఆఖరి ఏడు. వారమంతా కస్టమర్లతోనూ పై ఆఫీసుతోనూ మాటలు పడి, ఆదివారం భోంచేసి తీసే కునుకే నాకు జీతంకన్నా ఎక్కువగా ఉండేది. సరిగ్గా ఆ వేళకే బెల్లు కొట్టి, "అక్కా, పండుకున్నవా?" అని అడిగేది. పడుకున్నదాన్ని లేపి పడుకున్నావా అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ఈ ఊళ్లో తెలుగులో అడిగే గొంతు ఎన్నిసార్లు వినబడుతుంది? తలుపు తీసేదాన్ని. ఒకసారి ఆవిడ వెనకాల పొడుగ్గా, సన్నగా, రెండు జడలతో ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. "మా బిడ్డ అక్కా. పదోది. జర సూడరాదు, దీనికి సదువు ఎక్కుతలేదు" అంది ఆవిడ.

ఆ పిల్ల ఎనిమిది దాకా ఇక్కడి మున్సిపల్ బడిలో తెలుగు మీడియంలో చదివి, పై క్లాసులకు అది లేక హిందీ మీడియంలోకి మారింది. ఇంట్లో తెలంగాణ తెలుగు, బడిలో హిందీ, గల్లీలో గుజరాతీ. ఒక్క వాక్యంలో మూడింటినీ కలిపి మాట్లాడేది. మాట్లాడే గుజరాతీ వేరు, పరీక్షలో రాసే గుజరాతీ వేరని మాత్రం వాళ్లింట్లో ఎవరికీ తట్టలేదు. "గుజరాతీకి సదువుడేంది అక్కా, రోజు మాట్లాడుతనే ఉన్నది గద" అంది తల్లి. తీరా చూస్తే లెక్కల కన్నా గుజరాతీలోనే తక్కువ మార్కులు. లెక్కలు సగంసగం. సోషల్ ఒక పరీక్షలో బ్రహ్మాండం, ఇంకో పరీక్షలో అధ్వానం. అసలు భయం వేరే ఉంది, అది తల్లి చీరలు మడత పెడుతూ చెప్పింది. మార్చిలో ఈ పిల్ల ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు ఆపేస్తారు. వాళ్ల బావగారి కూతురు అలాగే తప్పి, మళ్లీ రాస్తానని రెండేళ్లు ఇంట్లో ఉండి, రాయకుండానే చీరలకు స్టోన్లు అతికించే పనిలో స్థిరపడిపోయింది. "మా ఆయన అన్నడు, ఒక్కసారే అవకాశం, తప్పితె ఇగ బంద్, అది గూడ స్టోన్ల పనికి కూసుంటది అని." పిల్ల తల వంచుకుని సోఫా కవరు అంచు సరిచేస్తోంది. ఆ వేళ్ల కొసల మీద జిగురు ఎండి పొరలు పొరలుగా ఉంది. బడి నుంచి వచ్చాక ఇప్పటికీ సాయంత్రాలు తల్లితో కూర్చుని ఆ పని చేస్తూనే ఉందన్నమాట. నాకు నిద్ర మత్తు దిగిపోయింది.

టైంటేబుల్ వేసి ఇచ్చాను. నా టైంటేబుల్ చూస్తే ఏ పై ఆఫీసయినా మెచ్చుకునేది. బడి మధ్యాహ్నం కాబట్టి ఉదయమంతా చదువు, గంటకో సబ్జెక్టు. రెండు ఆదివారాలు గడిచాయి. పిల్ల వస్తుంది, కూర్చుంటుంది, అడిగితే ఏదీ రాదు. తర్వాత రెండు ఆదివారాలు అడిగినవన్నీ గడగడా చెప్పింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదటికొచ్చింది. పూర్ణిమా అమావాస్యల్లా ఈ వెలుగూ చీకటీ ఏమిటో అర్థంకాక, చివరికి విసుగొచ్చి, "ఏమ్మా, వారం వారం నీ బుర్ర మారుతుందా?" అన్నాను. పిల్ల "బుర్ర కాదు ఆంటీ, పాలీ మారుతది" అంది.

పాలీ అంటే షిఫ్టు. సాంచాల దగ్గర పగలంతా ఒకరు, రాత్రంతా ఒకరు. పదిహేను రోజులకోసారి అటు ఇటు మారతారు. వాళ్లది ఒకటే గది. "బాపుది నైట్ పాలీ ఉంటె పొద్దుగాల్ల వచ్చి పంటడు ఆంటీ. లైట్ బంద్. సప్పుడు చేస్తే లేస్తడు. లేస్తే నైట్ సాంచల కాడ కునుకు వస్తది, చెయ్యి పోతది. నాకేమో నోరు తెరిచి సదివితెనే యాద్ ఉంటది." ఇది ఆ పిల్లకు ఫిర్యాదు కాదు. వానాకాలంలో బట్టలు ఆరవు అన్నట్టుగా చెప్పింది. పదిహేను రోజులు పైకి చదువుకోవడం, పదిహేను రోజులు పెదవి కదపకుండా కిటికీ వెలుతురులో పుస్తకం చూస్తూ కూర్చోవడం. ఆ రెండో పదిహేను రోజుల్లో పరీక్ష వస్తే సున్నా. ఈ సంగతి తెలియని బడివాళ్లు ఆమెను నిలకడ లేని పిల్ల అనుకున్నారు.

టైంటేబుల్ చించేసి కొత్తది వేశాం. నైట్ పాలీ రోజుల్లో లెక్కలు, మ్యాపులు, బొమ్మలు, చేత్తో రాసేవన్నీ. డే పాలీ రోజుల్లో గుజరాతీ, సోషల్, నోటితో చదివేవన్నీ. ఇలాంటి టైంటేబుల్ పుట్టాలంటే సూరత్‌లోనే పుట్టాలి. అయినా లెక్క సరిపోలేదు. నోటితో చదవాల్సినవి ఎక్కువ, డే పాలీలు తక్కువ. ఏదో ఒకటి వదలాలి. నేను సైన్సు పుస్తకం తీశాను. అందులో మొక్కలు, ఒళ్లు, ఆహారం ఉంచి, కాంతి, కరెంటు పక్కన పెట్టమన్నాను. పాసు కావడానికి మిగతావి చాలు. లెక్కలు బేసిక్ అని చెప్పమన్నాను. ఆ పిల్ల ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు మాత్రం, "స్టాండర్డ్ తీసుకుంటె తర్వాత సైన్స్‌కి పోవచ్చు కద ఆంటీ?" అంది. "ముందు పాసవ్వాలి కదమ్మా" అన్నాను. "ఆ కాంతి పాఠం మంచిగుంటది. మేం అంటించే స్టోన్ ఎందుకు మెరుస్తదో అండ్లనే ఉన్నది" అంది. "అది పరీక్షల తర్వాత చదువుకో, ఎక్కడికీ పోదు" అన్నాను. సరే అంది. బడిలో బేసిక్ అనే చెప్పింది.

ఇవన్నీ విని తండ్రికి మాత్రం నచ్చలేదు. ఒక ఆదివారం భార్యతో పాటు తనూ వచ్చాడు. కళ్లు ఎర్రగా, జుట్టులో నూలు పీచుతో. కూర్చోమంటే సోఫా మాసిపోతుందని అంచున ఆనుకున్నాడు. "మేడం, ఒక్క జాగల దాగు వడితె తాక అంతా సెకండ్ల పోతది. పాఠాలు ఇడిచిపెడితె ఎట్ల?" అన్నాడు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన నిండు బట్ట. ఎక్కడో జానెడు మచ్చ పడితే మొత్తం రెండో రకం కింద కట్టేస్తారట. అందుకే ఆయన ఇన్నాళ్లూ పిల్లను అన్ని పుస్తకాలూ మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా సమానంగా చదవమని కూర్చోబెట్టేవాడు. పిల్ల ఏ పుస్తకంలోనూ సగం దాటేది కాదు. పరీక్ష బట్టలాంటిది కాదని, ఒక్కో సబ్జెక్టులో నూటికి ముప్పై మూడు వస్తే చాలునని చెప్పాను. ఆయన నావంక అనుమానంగా చూశాడు. "ముప్పై మూడా? నూరు మీటర్ల ముప్పై మూడు మంచిగుంటె సేఠ్ పైసలిస్తడా మేడం?" మా వారు పేపరు దించి నవ్వారు. పిల్ల తండ్రీ నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆవులింత వచ్చింది. అది చూసి నాకూ వచ్చింది. ఆ గదిలో నలుగురు పెద్దవాళ్లం, మా ఆయన్ని మినహాయిస్తే, అందరం నిద్రకు మొహం వాచినవాళ్లమే.

పరీక్షలు దగ్గరపడ్డాయి. మార్చి మొదటినుంచి పిల్ల తండ్రికి సరిగ్గా నైట్ పాలీ వచ్చింది. నేను లెక్కపెట్టుకుని చూసి దిగులుపడ్డాను. మార్చుకోవడం కుదరదు, జోడీ ఒప్పుకోవాలి. అవే సాంచాల మీద రెండో పాలీ చేసేవాణ్ణి జోడీ అంటారు. ఆయన జోడీ ఒడిశా నుంచి వచ్చిన పెద్దాయన, వయసు మీరింది, రాత్రుళ్లు నెలరోజులు వరసగా నిలబడలేడు. ఆ ఆదివారం ఫాల్ ఆవిడ ఒక్కతే వచ్చింది. "పిల్లేది?" అన్నాను. "ఇంట్ల సదువుతున్నది, గట్టిగ. గల్లంత ఇనవడుతున్నది" అంది. మరి ఆయన? ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఒడిశా పెద్దాయన వాళ్ల మనుషులతో కలిసి మెస్‌లో ఉంటాడు. పగలు ఆ పెద్దాయన పనిలో ఉంటే ఆయన పరుపు ఖాళీ. పిల్ల తండ్రి పొద్దున్నే పని దిగి, ఇంటికి రాకుండా, జోడీ పరుపు మీద పడుకుంటున్నాడు. "ఆ ముసలాయన నెత్తినూనె వాసనకు నిద్ర పడ్తలేదంట అక్కా. అయినా ఈడికి వస్తలేడు. పిల్ల సదివినంక బువ్వకే వస్తుండు." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఆదివారం నిద్ర గురించి నేను పడ్డ విసుగంతా ఎక్కడికో పోయింది.

ఫలితాలు వచ్చాక ముగ్గురూ పాలకోవాలాంటి పేడాలు తీసుకుని వచ్చారు. పాసయింది. గుజరాతీ ఒడ్డున పడింది, అంతే. బేసిక్ లెక్కలు ఫర్వాలేదు. సోషల్ బాగుంది. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు సైన్సులో. నేను కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ చూశాను. మేం సగం పాఠాలు వదిలేసిన సబ్జెక్టు అది. "ఇదెలా?" అన్నాను. పిల్ల తండ్రివైపు చూసి, గొంతు తగ్గించి, "ఇల్లు ఖాళీ ఉండె కద ఆంటీ. గుజరాతీ సదివి సదివి యాష్టకొచ్చి, మీరు వద్దన్న పాఠాలు తీసిన. గట్టిగ సదివిన. బహుత్ అచ్ఛా లగా. మార్కుల కోసం కాదు" అంది. నేను పేడా నోట్లో వేసుకున్నాను. ఆ పిల్లే అడిగింది. "ఇప్పుడు సైన్స్ ఇస్తరా ఆంటీ?"

అప్పట్లో బేసిక్ రాసినవాళ్లను సైన్సు వైపు తీసుకునేవారు కాదు. మళ్లీ స్టాండర్డ్ పరీక్ష ఒకటి రాసుకుంటే దారి ఉంటుందని తర్వాత ఎవరో అన్నారు. కానీ ఇంకో పరీక్ష అంటే ఇంకో పాలీ లెక్క, మళ్లీ ఆ పరుపు. ఆ మాట ఎత్తే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ తండ్రి మా సోఫాలో ఈసారి వెనక్కి జారబడి కూర్చుని, అప్పుడే నిద్రలోకి జారుతున్నాడు. తల్లి ఆయన భుజం తట్టి లేపబోయి మానేసింది. "బేసిక్‌తో అటు పంపరమ్మా" అన్నాను. "తెలుసు ఆంటీ. ఊకెనే అడిగిన" అని, తండ్రి లేవకుండా పేడాల స్టీలు డబ్బా మూత చప్పుడు కాకుండా పెట్టింది.

ఆ పిల్ల కామర్స్‌లో చేరింది, ఇప్పుడు కాలేజీలో ఉంది. చదువు ఆగకూడదని అడిగారు, ఆగలేదు. ఆ రోజు నాకు తెలిసినదాన్ని బట్టి నేను చెప్పింది సరైన సలహాయే, ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. అయినా కింది అంతస్తు వాళ్లను రెండ్రోజులు ఆగమన్నాను. ఏది వదులుకుంటావని కాలం ముందు అడుగుతుంది. నీకు ఏది వచ్చో తర్వాతెప్పుడో, అందరూ అలసిపోయాక చెబుతుంది.