గంట కొట్టడం మర్చిపోయిన వార్డెన్ గారు

ఈ రోజు మా హాస్టల్లో జరిగింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు! నేనిక్కడ ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. నెట్‌లో పాడ్‌కాస్ట్‌లు విని సరదా పుట్టి, తోకచుక్కల కథ నేనే తెలుగులో రికార్డు చేశాను. సాయంత్రం స్టడీ అవర్స్ మధ్య బ్రేక్‌లో స్పీకర్ పెట్టి వినిపిస్తుంటే వార్డెన్ గారు ఊడిపడ్డారు.

"ఏంటి మేడమ్, సినిమా పాటలా? ఆపండి!"

"పాటలు కాదండీ, కాస్త వినండి."

నిలబడి విన్నారు. తర్వాత మెట్ల మీద కూర్చున్నారు. బ్రేక్ ఎప్పుడో అయిపోయింది. గంట కొట్టాల్సిందేమో ఆయనే! పిల్లలు ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తున్నారు. కథ పూర్తయ్యాక గబగబా లేచి గంట కొడుతూ, "రేపు బ్రేక్ కాస్త ముందే ఇచ్చేద్దాం మేడమ్" అన్నారు.

రేపటికి డైనోసార్లా, అగ్నిపర్వతాలా? చెప్పండి. పిల్లలు ఏదైనా వింటారు, వార్డెన్ గారికి నచ్చాలి!