నడక బాపుది, ఎముకలు పుస్తకానివి

నెల కింద మోకాలి నొప్పికని కరీంనగర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్తే, అక్కడి అమ్మాయి నా కాళ్ళకు ఎక్స్‌రే తీయించి, పది అడుగులు నడిపించి, నేను తిరిగి చెప్పులు తొడుక్కునేలోపే నా ఎముకలనూ కండరాలనూ రంగురంగులుగా తెరమీద చూపించి, ఎడమ కాలిమీద బరువు ఎక్కువ పడుతోంది ఆంటీ అంది. అలాంటి బొమ్మ కోసమే ఒకప్పుడు రెండేళ్ళు ఒంటరిగా కూర్చున్నదాన్నని ఆ పిల్లకు చెబుదామనుకున్నాను గానీ, బయట ఇంకా చాలామంది వేచి ఉన్నారు.

మాది మందమర్రి. మా ఇంట్లో నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్ళం. బాపు భూమి లోపల బొగ్గు పని చేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా గని కప్పు కూలి ఆయన కుడి తొడ ఎముక విరిగింది. ఆర్నెల్లు మంచంలో ఉండి, లేచి, మళ్ళీ అదే పనికి నిటారుగా నడుచుకుంటూ వెళ్ళాడు. ఆ తరువాత నేను హాస్టళ్ళ పాలయ్యాను. తొంభైల మొదట్లో హైదరాబాదులో ఇంజనీరింగు పై చదువుకు చేరేసరికి మా విభాగంలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా యాసకు నవ్వేవాళ్ళు, అందుకని మాట్లాడడమే తగ్గించుకున్నాను. ఎముకలను కడ్డీలుగా, కండరాలను వాటికి కట్టిన తాళ్ళుగా అనుకుని, మనిషి నడుస్తుంటే ఏ తాడు ఎంత బలంగా లాగుతుందో కంప్యూటరుతో లెక్కగట్టడం నాకిచ్చిన పని. ఆ రోజుల కంప్యూటరు గదులు మీకూ గుర్తుండే ఉంటాయి, గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచిపోవాలి. ఆ చల్లటి గదిలో శాలువా కప్పుకుని కూర్చుంటే, రోజు మొత్తంలో నాలుగు మాటలైనా నోట్లోంచి వచ్చేవి కావు.

నడిచి చూపించడానికి ఒక మనిషి కావాలని మా సారు అన్నప్పుడు బాపు పేరు చెప్పాను. నిజం చెప్పాలంటే అది ఇంటికి పోవడానికి ఒక సాకు. మా గని కాలనీలో పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఆయన్ని పిలిపించి, బాపుకు నిక్కరు తొడిగించి, అవ్వ బొట్టుబిళ్ళలను తుంటి దగ్గర, మోకాలి దగ్గర, చీలమండ దగ్గర అతికించాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. బాపు మాత్రం నవ్వలేదు, నన్ను పక్కకు పిలిచి, "గీ కేసెట్ మా ఆఫీసోళ్లు సూడరు గద బిడ్డా?" అని అడిగాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కవాతు చేస్తున్నట్టు నడిచాడు.

టీవీ తెరమీద పల్చటి కాగితం పెట్టి, బొమ్మను ఆపి ఆపి ఆ బొట్ల జాడలు దింపుకుని, ఆ అంకెలు కంప్యూటరుకిచ్చాను. ఎముకల కొలతలు మాత్రం పుస్తకంలోంచి తీసుకున్నాను, అప్పుడందరూ చేసేది అదే. లెక్క సాఫీగా వచ్చింది. ఆ సంతోషం పంచుకోవడానికి అక్కడ ఎవరూ లేక, కాలనీ కొట్టుకు ఫోను చేసి బాపును పిలిపించి, నీ కాలు నిక్షేపంగా ఉంది, కంప్యూటరే చెప్పిందన్నాను. కుంటుడు కనవడలేదా అని అడిగాడు. లేదన్నాను. సరే బిడ్డా అని ఫోను పెట్టేశాడు.

ఎనిమిది నెలల తరువాత గాని మా సారు అడగలేదు, నడక మీ నాన్నది సరే, ఎముకలు ఎవరివి అని. అవ్వ ట్రంకుపెట్టెలో దాచిన ఎక్స్‌రేలు తెప్పించి కొలిచాను. విరిగి అతికిన ఎముక రెండో దానికంటే పొట్టి, పైగా వంకర. ఆ కొలతలు ఇచ్చేసరికి, తుంటి పక్క కండరం అడుగడుగునా పెట్టాల్సిన బలం మనిషి ఓర్చుకునే హద్దుకు వచ్చి నిలిచింది. వారం రోజులు ప్రోగ్రాములో తప్పు వెతికాను. తప్పు లేదు. ఆ కాలితో కుంటకుండా నడవాలంటే అంత బలమూ పెట్టాల్సిందే. ఆ అంకెల ముందు ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

మర్నాడే రైలెక్కి ఇంటికి పోయాను, అవ్వ అప్పుడు చెప్పింది. డాక్టరుకు చూపించుకొమ్మని తాను పోరుపెట్టినప్పుడల్లా, కాలు మంచిగున్నదని నీ బిడ్డనే చెప్పింది కదా అని, నా మాటతోనే బాపు ఆమె నోరు మూయించాడట. కుంటడం చూస్తే కంపెనీ డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అని రాస్తారు, ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతుంది, నా చదువూ ఆగిపోతుంది. ఆ భయంతోనే గని దగ్గరా, వీధిలోనూ, చివరికి నా ముందూ అన్నేళ్ళు అట్లా కుంటు కనబడకుండా నడిచాడు. నా లెక్క తప్పిందని, నీకెంత నొప్పో ఇప్పుడు తెలిసిందని చెప్పాను. కోప్పడతాడనుకున్నాను.

"నాకెరికే బిడ్డా," అన్నాడు. "నీ కంప్యూటర్‌కే జర ఆలస్యంగ ఎరికైంది."

తరువాతి నెలలో డాక్టర్ల దగ్గరికి నేనే తీసుకుపోయాను. అన్‌ఫిట్ అనే రాశారు. ఇక దాచేదేమీ లేక, బాపు ఆసుపత్రి నుంచి కాలనీ దాకా అందరూ చూస్తుండగా కుంటుతూ నడిచాడు. నేను వెనకాలే ఉన్నాను. కన్నతండ్రి నడక నేను మొదటిసారి చూసింది ఆనాడే. క్వార్టరు వదిలి పెద్దపల్లిలో అద్దె ఇంటికి మారాం, నా చదువూ ఎట్లాగో గట్టెక్కింది. కానీ ముందే ఆయన ఎముకను కొలిచి ఉంటే ఆ ఎనిమిది నెలల నొప్పి తప్పేదన్న మాట నన్ను ఇప్పటికీ వదలదు.

ఇప్పుడు ఆ గని మూతబడింది, మా వరుస క్వార్టర్లకు తలుపులు కూడా లేవు. ఈ రోజుల్లో ఎవరి ఎముకలు వాళ్ళవే తెరమీదికి వస్తున్నాయి, చూసి సంతోషించాను. బాపు పోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగంలో ఎంతమంది నడకలు కొలిచానో లెక్కలేదు. చివరి రోజుల్లో పెద్దపల్లి వీధిలో, ఎవరికీ భయపడకుండా, తీరిగ్గా కుంటుకుంటూ వచ్చే బాపు నడకను మాత్రం ఒక్కసారైనా వీడియో తీసి పెట్టుకోవాలని నాకు తోచలేదు.