బారులో చేరిన జడ్జిగారు

ఆ రోజుల్లో (రాతియుగం కాదు, మూడేళ్ల కిందటే) నాకు తెలియని విషయం ఉండేది కాదు. నాకు తెలియకపోతే నా ఫోన్‌కి తెలిసేది. అరబ్బుల దేశంలో, ఫహాహీల్ అనే ఊళ్లో ఫోన్లు బాగుచేసే కొట్లో పని, బెజవాడ నోరు, ముక్కు మీద కోపం. ఆ నోరు చూసే కాబోలు, పక్కనే ఫింటాస్‌లో కూతురింటికి వచ్చిన హైకోర్టు రిటైర్డు జడ్జిగారికి మనవాళ్లు సన్మానం పెట్టి, మైకు నా చేతికిచ్చారు. మా సందులో ఓ అరబ్బుల ఇంట్లో పనిచేసే రాయచోటి పిన్ని ముందురోజే నన్ను పట్టుకుంది. "ఊర్లో మా ఇంటిమీద బావ కేసు యేసినాడప్పా. వాయిదాకు నేను పోకుంటే ఇల్లు పోతాదంట, పోతే ఈడ పని పోతాది. ఆ సామిని ఒక్క మాట అడగల్ల. మా మామా రెండు గంటలే వదుల్తాది." (మామా అంటే ఇంటి యజమానురాలు, అపార్థం వద్దు.) "నేనున్నా కదా పిన్నీ!" అని అభయమిచ్చేశాను.

జడ్జిగారి ఉద్యోగ చరిత్ర వాళ్లమ్మాయి ఇంగ్లీషులో ఇచ్చింది. చదివే ఓపిక ఎవరికుంది? ఫోటో తీసి, ఫోన్‌తోనే తెలుగు చేయించి, ఒక్కసారైనా చూసుకోకుండా స్టేజీ ఎక్కాను. "వీరు చిన్న వయసులోనే బారులో చేరారు. ఇరవై ఏళ్లు బారులోనే గడిపారు." (వకీలయ్యారని చెప్పడం అన్నమాట.) మందు చుక్క దొరకని దేశంలో ఆ మాటకి హాలు గొల్లుమంది. "ఆ బారెక్కడండీ బాబూ? మేమూ జేరిపోతాం!" అని వెనకనుంచి ఓ కోనసీమ గొంతు. నా ఉచ్చారణకి నవ్వుతున్నారనుకుని నాకు మండింది. "పెద్దాయన గురించి చెబుతుంటే ఆ ఇకిలింపులేంటి? సిగ్గుండాలి!" అని కసిరి, ఇంకా గట్టిగా అందుకున్నాను. "వీరి పనితీరు చూసి ప్రభుత్వం వీరిని బెంచీ ఎక్కించింది. తొమ్మిదేళ్లు బెంచీ మీదే ఉన్నారు. ఎందరో దొంగలకు పొడవాటి వాక్యాలు ఇచ్చారు!" (బెంచీ అంటే జడ్జి పదవి, వాక్యాలంటే ఇంగ్లీషు 'సెంటెన్సు', అంటే శిక్షలు.)

జడ్జిగారు శాలువా కుర్చీలో పడేసి, మొహం రుమాలుతో కప్పుకుని, చరచరా బయటికి నడిచారు. ముందు వరసలో పిన్ని లేచి నిలబడింది. "సామి పాయ! ఖలాస్. నా ఇల్లు ముంచితివి గదరా" అంది. తిట్టినా బాగుండేది, మెల్లగా అంది. మైకు చేతిలో ఉండగానే పరిగెత్తి ఆయనకి అడ్డం పడ్డాను. "సార్, నన్ను కొట్టండి, పిన్నికి మాత్రం ఒక్క మాట చెప్పి వెళ్లండి!"

"ముందు దారి వదులయ్యా" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ. "నవ్వాపుకోలేక బాత్రూముకి పోతున్నా. ఇంకో వాక్యం చదివావంటే ఇక్కడే పరువు పోతుంది." (మైకు ఆన్‌లోనే ఉంది.)

తిరిగొచ్చి, పిన్ని పక్కనే కూర్చుని, మొత్తం విన్నారు. "నువ్వు పోనక్కర్లేదమ్మా. ఎంబసీకి వెళ్లి ఊళ్లో ఉన్న నీ తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి పంపు. వాయిదాలకు అతను నిలబడతాడు."

"ఇంతేనా సామీ?" అని పిన్ని ఏడ్చేసింది.

కేసు ఇంకా నడుస్తోంది (మన కోర్టులు కదా), పిన్ని పనీ నడుస్తోంది. నేను మాత్రం ఎవరైనా నవ్వితే అరిచే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాను. ఎక్కువసార్లు తప్పు నాదే అవుతోంది. అయినా, ఏమీ తెలియకుండానే హాలంతటినీ వేలెత్తి కసిరిన ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు.