పొగ వచ్చే పక్క

సిగరెట్టో కాలో, ఒకటి ఎంచుకోమన్నాడు డాక్టరు. ఆబిడ్స్‌లోని కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగించే సామ్ సుందర్ బాగా ఆలోచించి కాలు ఎంచుకున్నాడు. అప్పటి నుంచి ఆయన చేతులకు ఏం చేయాలో తోచడం లేదు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తాడు. జేబు తడిమి లవంగం తీసి నోట్లో వేసుకుంటాడు. చాయ్ తాగాక రెండు వేళ్లు పెదవుల దాకా వెళ్లి, ఏమీ దొరక్క, మీసం సర్ది దిగివస్తాయి. ఇప్పుడు కూర రుచి తెలుస్తోందని అందరికీ చెబుతాడు. చెప్పేటప్పుడు ముఖంలో సంతోషమేమీ కనపడదు.

పక్కనున్న చెప్పుల దుకాణం రాజేందర్ ఏళ్ల తరబడి ఆయనతో కలిసి దుకాణం మెట్ల మీద సిగరెట్టు కాల్చినవాడు. మొన్న సాయంత్రం ఉండబట్టలేక వచ్చి పిలిచాడు.

"నువ్వు తాగకు. ఊకె వచ్చి నిలబడు. ఒక్కనికి మంచిగ అనిపిస్తలేదు."

సామ్ సుందర్ వెళ్లాడు. రాజేందర్ మర్యాదగా ముఖం తిప్పి పొగ అవతలికి వదిలాడు. సామ్ సుందర్ చుట్టూ తిరిగి ఆ పక్కకే వెళ్లి నిలబడ్డాడు.

నాంపల్లిలో ఇంటికి చేరగానే భార్య డోర్కాస్‌కు చొక్కా మీద పొగ వాసన తగిలింది. 

"మళ్ల మొదలువెట్టిన్రా?"

"నేను తాగలే. రాజేందర్ తాగిండు. నేను పక్కన నిలబడ్డ."

"జర దూరం నిలబడరాదా?"

"దూరం నిలబడేదుంటే పోవుడెందుకు?"

 మర్నాడు సాయంత్రం డోర్కాసే మెట్ల దగ్గరికి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. రాజేందర్ సిగరెట్టు వెలిగించలేదు. ముగ్గురూ కాసేపు రోడ్డు మీద వెళ్లే బస్సులను చూశారు.